ధనుర్మాసపు బాలింత

చిత్తకార్తె అనగానే తెలుగువానికి ముందుగా గుర్తుకు వచ్చునది వర్షము కాదు, వరిచేను కాదు, కుక్క. నియమం లేక తిరిగే మనిషిని తిట్టవలసి వచ్చినప్పుడు మన పెద్దలు ఆ కార్తెనూ ఆ జంతువునూ కలిపి ఒక్క మాట చేసి విడిచిపెట్టారు. సూర్యుడు చిత్తా నక్షత్రంలో ప్రవేశించేది అక్టోబరు రెండవ వారంలో. అక్కడినుండి రెండు వారాలపాటు వీధులలో కుక్కల గుంపులూ, వాటిమీద రాళ్ళు రువ్వే పిల్లలూ, కర్రలు పట్టుకొని తరిమే పెద్దలూ కనిపిస్తారు. లోకుల మాట అంతవరకు వచ్చి ఆగిపోయినది. ఆ తరువాత ఏమగునో లెక్క చూచినవారు తక్కువ.

లెక్క కష్టమైనది కాదు. కుక్క చూలు మోయు కాలం సుమారు 63 దినాలు. చిత్తకార్తెకు 63 దినాలు కలిపినచో డిసెంబరు నడిమికి, అనగా సరిగా ధనుర్మాసపు వాకిట్లోకి వచ్చి నిలుస్తాము. మన ఇంటి ఆడపడుచులు తెల్లవారుజామున మంచులో ముగ్గులు పెట్టి గొబ్బెమ్మలు తీర్చే ఆ దినాలలోనే ఏ అరుగు ప్రక్కనో, ఏ తూములోనో, కట్టుచున్న ఏ ఇంటి ఇసుకగుట్ట మాటుననో ఒక తల్లి ప్రసవిస్తుంది. మన ఊరకుక్క సాధారణంగా ఏడాదికి ఒక్కమారే పిల్లలు పెడుతుంది. ఆ ఒక్కమారూ ఎక్కువగా చలికాలంలోనే. చిత్తకార్తె కుక్కను గురించి మనకు మాట ఉన్నది. ధనుర్మాసపు బాలింతను గురించి లేదు. ఆ బాలింత ఒకతె మా పెరటిలోకి వచ్చిన కారణంచేత నేను నేర్చుకొన్న నాలుగు సంగతులు పాఠకులతో చెప్పుకోవలెనని ఈ వ్యాసం వ్రాస్తున్నాను. అందులో ఒకటి నేను చేసిన తప్పు.

మాది రాజమహేంద్రవరం. గోదావరి గట్టుకు అట్టే దూరం కాని వీధిలో పాతకాలపు పెంకుటిల్లు. ముప్పది రెండేళ్ళు తెలుగు పండితుడుగా పనిచేసి విశ్రాంతి తీసుకొన్నవాడను. కుక్కలయందు నాకు ప్రత్యేకమైన ప్రీతి ఎన్నడూ లేదు. చిన్నతనంలో మా పల్లెలో పిచ్చికుక్క కరచిన ఒక మనిషికి బొడ్డుచుట్టూ పద్నాలుగు సూదులు వేయించవలసి వచ్చిన సంగతి కన్నులారా చూచినవాడను. నేడు ఆ వైద్యం లేదు, చేతికి వేయు నాలుగైదు సూదులతో పని జరిగిపోతుంది. అయినప్పటికిన్నీ నాటి భయం నాలో ఏదో మూల మిగిలియే ఉన్నది.

2023 డిసెంబరులో, ధనుర్మాసం పట్టిన మూడవనాటి సాయంకాలం, మా పెరటిలోని కట్టెల కొట్టంలో ఏదో గోకుతున్న చప్పుడయినది. గ్యాసుపొయ్యి వచ్చిన తరువాత ఆ కొట్టంలో కట్టెలు లేవు. పాత గోనెలూ, కాలు విరిగిన కుర్చీ, కొబ్బరిడొక్కలూ ఉన్నవి. పోయి చూతునుగదా, గోధుమవన్నె వీధికుక్క ఒకటి గోనెలను కాళ్ళతో చీరి కుప్ప చేస్తున్నది. నుదుట తెల్లని చుక్క, కుడిచెవి కొసన ఎప్పటిదో చినుగు. మా మనుమరాలు అదివరకే దానికి చుక్కి అని పేరు పెట్టినదట, నాకు తెలియదు. నేను గోడకు చేర్చిన కర్ర అందుకొన్నాను.

“ఏమండీ, నిండు చూలాలండీ అది. ఈ పూటకు వదిలెయ్యండి,” అన్నది మా ఆవిడ వెనుకనుండి.

ఈ పూటకు అన్న ఆ మాట పూటతో తీరలేదు. రెండు నెలలు నడచినది.

మా ఇంటికి రెండిళ్ళ అవతల పశువైద్యశాఖలో పనిచేసి విరమించిన డాక్టరుగారు ఒకరున్నారు. పిట్టగోడమీదుగా ఆయనను సలహా అడిగాను. “అన్నం పెడితే తిన్నదా?” అని అడిగారు. ముట్టలేదన్నాను. “రొప్పుతున్నదా? పడుకొని లేచి, మళ్ళీ గోకుతున్నదా?” అవునన్నాను. “అయితే రేపు తెల్లవారేలోపల పిల్లలు పెడుతుంది, మాస్టారూ. కుక్కకు సహజమైన వేడి నూటొకటి, నూటరెండు డిగ్రీలు. ప్రసవానికి ఇంచుమించు ఒక దినం ముందు అది తొంబదితొమ్మిదికి దిగువకు జారుతుంది. అది కొలుద్దామని మాత్రం మీరు దగ్గరకు వెళ్ళకండి. పెంచిన కుక్క అయితే కొలవవచ్చు. వీధికుక్క మీ చెయ్యి కొలుస్తుంది. ఒక మూకుడు నీళ్ళు పెట్టి, దీపం ఆర్పి, ఇవతలకు రండి,” అన్నారు.

ఆ రాత్రి వంటింటి కిటికీలోనుండి చూచాము. వెన్నెల చాలని రాత్రి. పదకొండు గంటలకు మొదటిది. తెల్లవారి నాలుగు గంటలకు అయిదవది. ఒక్కొక్క బిడ్డ ఒక్కొక్క పల్చని సంచిలో వస్తుంది. తల్లి ఆ సంచిని పంటితో చించి, బొడ్డుతాడును కొరికి, బిడ్డను తలక్రిందులయ్యేటట్టు నాకుతుంది. ఆ నాకుడులో కనబడే మోటుతనం మోటుతనం కాదు. అది ఊపిరి పోయుట. నాలుక దెబ్బకు బిడ్డ కీచుమంటుంది. కీచుమన్న బిడ్డ రొమ్ములోనికి గాలి పోతుంది. ప్రతి బిడ్డవెనుకా దాని మాయ పడుతుంది, దానిని తల్లి తినివేస్తుంది. చూచుటకు మనకు వెగటుగా ఉండవచ్చును గాని అది దాని ఆచారం. మంత్రసాని లేదు, వేడినీళ్ళు లేవు, దీపం లేదు. ఆ అయిదు గంటలలో దానికి మావలన కావలసిన సాయం ఒక్కటే: మేము లోపలికి పోకుండుట.

అయితే అన్ని ప్రసవాలూ ఇట్లే జరుగవు. ఎప్పుడు వైద్యుని పిలువవలెనో డాక్టరుగారు మరునాడు చెప్పారు. గట్టిగా నొప్పులు పడుతూ అర్ధగంట దాటినా బిడ్డ రాకుంటే పిలువవలెను. లోపల ఇంకా బిడ్డలున్నవని తెలిసి రెండు గంటలు గడచినా తరువాతిది రాకుంటే పిలువవలెను. మొదటి బిడ్డ పుట్టకముందే పచ్చని స్రావం కనబడినచో ఒక్క నిమిషం ఆలస్యం చేయరాదు. లోపల మాయ విడిపోయినదని దాని అర్థం. ఈ మూడింటిలో ఏదీ లేనప్పుడు మనిషి దూరంగా ఉండుటయే వైద్యం.

ఈ చివరి మాట ఆయన చెప్పేటప్పటికే నేను దానికి విరుద్ధంగా నడచివున్నాను.

తెల్లవారగానే కొట్టంలోకి తొంగిచూచాను. దుమ్ము, బూజు, తడిసిన గోనెలు. ఇటువంటి చోట బాలింతా పసికందులూ ఉండుట నాకు అన్యాయమనిపించినది. నిన్న కర్ర పట్టిన చేతికి నేడు దయ పుట్టినది; క్రొత్తగా పుట్టిన దయ ఊరకుండదు గదా. చుక్కి నీళ్ళకు పోయిన సమయం చూచి అయిదు పిల్లలనూ చేటలో పెట్టి, ముందు వసారాలో ఉతికిన దుప్పటి పరచి దానిమీద చేర్చాను. మా మనుమరాలు తన స్నేహితురాండ్రను పిలుచుకొని వచ్చినది. పాలు పోయు అమ్మాయి చూచినది, ఎదురింటివారు చూచారు. అందరూ ఒక్కొక్కదానిని అరచేతిలోకి తీసుకొని ముచ్చటపడ్డారు. చుక్కి తిరిగి వచ్చి వాసన చూచుకొన్నది. ఎవరినీ కరవలేదు. ఒక్కొక్క బిడ్డనే మెడమీద తోలుపట్టి నోట కరచుకొని బయటకు నడచినది. ప్రహరీ అవతల మురుగుకాలువమీది తూములో పెట్టి వచ్చినది. నాలుగుమార్లు అట్లు తిరిగినది. అయిదవమారు వచ్చుసరికి పిల్లల గోల ఎక్కువై, వాకిటనుండే వెనుదిరిగినది.

మధ్యాహ్నం వరకు వస్తుందని చూచాము. రాలేదు. మిగిలిన ఆ ఒక్కటీ దుప్పటిమీద పడి ఉన్నది. ముట్టుకొంటే రాయివలె చల్లగా ఉన్నది. మా ఆవిడ ఆవుపాలు కాచి, మా మనుమరాలికి పోసిన ఉగ్గుగిన్నె వెదకి తీసి, చుక్క చుక్కగా దాని నోట పోసినది. కొన్ని లోపలికి పోయినవి, కొన్ని ముక్కున వచ్చినవి. దీపాలు పెట్టే వేళకు అది పోయినది.

డాక్టరుగారు వచ్చి చూచారు. నిందించలేదు. “చల్లబడిన పిల్లకు పాలు పోయకూడదండీ,” అన్నారు. “ముందు వేడి, తరువాత పాలు. ఒంట్లో వేడి లేనప్పుడు దాని కడుపు పనిచేయదు. పోసిన పాలు అరగవు, ఊపిరితిత్తులలోకి పోయినా పోతాయి.”

ఆ రాత్రి ఆయన చెప్పినది విన్న తరువాత పసికుక్క అనగా ఏమో నాకు కొంత అర్థమైనది. పుట్టిన కుక్కపిల్లకు కన్నులు కనపడవు, చెవులు వినపడవు. ఇది అందరూ ఎరిగినదే. దానికి వణకుట కూడా చేతకాదని నేనెరుగను. చలివేసినప్పుడు మనం వణకి వేడి పుట్టించుకొంటాము. ఆ శక్తి కుక్కపిల్లకు మొదటి వారంలో ఉండదు. పెద్దకుక్క ఒంటివేడి 101, 102 డిగ్రీలైతే ఆ వారంలో దానిది 95 మొదలు 98 లోపల. దాని పడకవద్ద 85 నుండి 90 డిగ్రీల వెచ్చదనం ఉండవలెను. మా ఊరి డిసెంబరు రాత్రి 70కి దిగువకు పోతుంది. ఆ మధ్యనున్న అంతరమును పూరించేది తల్లి కడుపూ, తోబుట్టువుల ఒళ్ళూ మాత్రమే. పిల్లలన్నీ ఒకదానిమీద ఒకటి గుట్టగా పడుకొనుట ఆటకు కాదు, బ్రతుకుటకు. అట్టి గుట్టలోనుండి నేను ఒకదానిని విడదీశాను. తల్లికి వేడి అనవసరమైన తెల్లని దుప్పటి ఇచ్చి, పిల్లకు అవసరమైన తల్లిని తప్పించాను. నిన్నటి కర్ర తగిలి ఉంటే ఆ బిడ్డ పోయేది కాదు. దయ తగిలి పోయినది.

ఆవుపాల సంగతి కూడా అంతే. కుక్కపాలలో మాంసకృత్తులూ కొవ్వూ ఆవుపాలకంటె రెట్టింపునకు మించి ఉంటవి. పాలచక్కెర మాత్రం తక్కువ. కనుక ఆవుపాలు దానికి ఆకలి తీర్చవు సరికదా విరేచనాలు పట్టిస్తవి. తల్లి లేని పిల్లలకు కుక్కపిల్లలకని ప్రత్యేకంగా తయారుచేసిన పాలపొడి దొరుకుతుంది. మొదటి వారంలో రెండు మూడు గంటలకొకమారు, రాత్రి కూడా, గోరువెచ్చగా పట్టవలెను. మన బిడ్డలవలె వెల్లకిల పడుకోబెట్టి పోయరాదు. తల్లి దగ్గర తాగునట్లు బోర్లా ఉంచి పట్టవలెను. పట్టిన తరువాత గోరువెచ్చని నీటిలో ముంచిన దూదితో పొట్టక్రింద తుడవవలెను. ఏలనన, ఆ వయస్సులో మలమూత్రములు తమంత విడుచుట కూడా వాటికి రాదు. తల్లి నాలుక తగిలితేనే వచ్చును. ఇంత చాకిరీ ఒక తల్లి నాలుకా, కడుపూ, చన్నులూ మాట లేకుండా చేసిపెడుతూ ఉంటవి. అందుచేతనే డాక్టరుగారి ఉపదేశమంతా ఒక్క వాక్యంలో ఇమిడినది: “మీరు పిల్లలను సాకకండి మాస్టారూ. తల్లిని సాకండి. పిల్లల సంగతి ఆవిడ చూసుకొంటుంది.”

తప్పు దిద్దుకొనుటకు ఆ రాత్రే పూనుకొన్నాము. కొట్టంలో తడిగోనెలు తీసివేసి, నేల చిమ్మి, తలుపుచెక్క ఒకటి ఇటుకలమీద పరచి నేలచల్లదనం తగులకుండా చేశాము. దానిమీద పొడి గోనెలు, పైన పాత నూలుచీరలు. గాలి వచ్చు దిక్కున తాటాకు తడిక. గుమ్మంలో తల్లి దాటగలిగి పిల్లలు దొర్లిపోకుండునంత ఎత్తున ఇటుకల వరుస. ఒక మూలను మాత్రం చిన్న విద్యుద్దీపం వ్రేలాడదీశాము. అంతటా వేడి చేయరాదట. వేడి ఎక్కువైనప్పుడు పిల్ల ప్రాకి అవతలికి పోవుటకు చోటుండవలెనట. అన్నంలో ఉడికించిన గుడ్డు కలిపి గుమ్మంలో పెట్టి, దీపాలార్పి, తలుపులు వేసుకొన్నాము. మా మనుమరాలికి ఆ చనిపోయినదాని సంగతి దాచలేదు. జామచెట్టుక్రింద పూడ్చాము. అది ఏడ్చి, “తాతయ్యా, ఇంక మనం ముట్టుకోవద్దు,” అన్నది.

రాత్రి రెండు గంటల వేళ కిటికీలోనుండి చూస్తే ప్రహరీ సందులోనుండి చుక్కి వస్తున్నది. నోట ఒక పిల్ల. దానిని దింపి, పోయి మరొకటి తెచ్చినది. నాలుగు తెచ్చిన తరువాత అయిదవమారు కూడా పోయినది. వట్టి నోటితో వచ్చి, వసారాలోకి వెళ్ళి, నేను దుప్పటి పరచిన చోట చాలసేపు వాసన చూచినది. మేమిద్దరమూ కిటికీవద్దనే నిలబడిపోయాము.

ఆ తరువాతి నెల అంతా మా పని తల్లి భోజనం. మన ఇండ్లలో బాలింతకు పథ్యమంటే ఎంత కట్టుదిట్టమో చెప్పనక్కరలేదు. కాయమూ, కారప్పొడీ, కొలత అన్నమూ. నీళ్ళు కూడా కాచి చల్లార్చి ఇన్నేయని పోస్తారు. ఆ అలవాటున మా ఆవిడ చుక్కికి కూడా మొదట తక్కువ పెట్టినది. డాక్టరుగారు నవ్వి, పథ్యం పనికిరాదన్నారు. పిల్లలు ఎదిగేకొద్దీ పాలకు గిరాకీ పెరుగును. మూడవ, నాలుగవ వారాలలో తల్లికి మామూలు తిండికి మూడింతలు కావలసి ఉంటుంది. ఒక్కమారు కాక నాలుగైదుమార్లుగా అన్నమూ, పప్పూ, గుడ్డూ, ఎముక తీసిన మాంసమూ పెట్టవచ్చును. ఉల్లిపాయ, చాక్లెట్టు, ద్రాక్ష కుక్కకు విషతుల్యములు. ఉడికిన ఎముక చీలి పేగులో గుచ్చుకొనును. అన్నింటికంటె ముఖ్యం నీరు. మూకుడు ఎన్నడూ ఎండరాదు.

బాలింత విషయంలో గమనించవలసిన ప్రమాదాలు మూడు చెప్పారు. చన్ను ఎర్రబడి, గట్టిపడి, వేడిగా ఉన్నచో అందు చీము పట్టుచున్నదన్నమాట. ప్రసవానంతరం నల్లపచ్చగా మొదలై ఎర్రగోధుమవన్నెకు తిరుగు స్రావం కొన్ని వారాలవరకు సహజమే. అది దుర్గంధం వేసి జ్వరం తోడైనచో గర్భసంచి చెడినదన్నమాట. మూడవది అన్నిటికంటె వేగమైనది. పాలలోనికి ఒంటిలోని కాల్షియం తరలిపోయి తల్లి నెత్తురులో అది తరిగిపోవును. అప్పుడు కుక్క స్థిమితం లేక తిరుగుట, రొప్పుట, కాళ్ళు బిగిసి నడచుట, వణకుట ఒకదానివెనుక ఒకటి వచ్చును. ప్రసవమైన తొలి నాలుగు వారాలలో ఇది రావచ్చును; చిన్నజాతి కుక్కలకు మరీ ఎక్కువ. గంటలలో ప్రాణం తీయగలదు, వైద్యుడు నరంలోనికి మందు ఎక్కించినచో గంటలలోనే కోలుకొనును. అందుకని ముందుజాగ్రత్తయని చూలికుక్కకు కాల్షియం మాత్రలు మ్రింగించుట మంచిది కాదు. బయటినుండి వచ్చుటకు అలవాటుపడిన శరీరం తన నిలువ తాను తీసుకొనుట మరచి, అవసరం వచ్చినప్పుడు చేయి ఎత్తివేయును.

నాలుగు పిల్లలూ పెరిగినవి. పదవనాటికి పుట్టినప్పటి బరువుకు ఇంచుమించు రెట్టింపయినవి. పన్నెండవనాడు ఒకదానికి, మరునాడు తక్కినవాటికి కన్నులు తెరపిడి పడ్డవి, కొద్దిరోజులకు చెవులు. రెండు వారాలు నిండగానే డాక్టరుగారు ఏలికపాములకు మందు వేయించారు. ఆ పురుగులు తల్లి గర్భంలోనే, పిదప పాలలోనుండి, పిల్లలకు సంక్రమించునట. అందుచే రెండేసి వారాలకొకమారు, తల్లికి కూడా. మూడు వారాలు దాటగానే మెత్తగా కలిపిన అన్నం పళ్ళెంలో పెట్టాము. పళ్ళెంలోనే నడిచినవి, పళ్ళెంలోనే నిద్రపోయినవి. సంక్రాంతినాటికి పెరడంతా వాటిదే.

అప్పుడు వచ్చినది అసలు చిక్కు. పిల్లలు మొరగనారంభించినవి. మా వీధిలో ఒక పెద్దమనిషి, నాకు మిత్రులే, ఒక ఉదయం వచ్చి కూర్చున్నారు.

“మాస్టారూ, మీరు చదువుకొన్నవారు. మీకు నేను చెప్పేదేముంది? ఇవి నాలుగూ పెరిగితే మన వీధి ఏమైపోవాలండీ? ఓ గోనెసంచిలో వేసి వంతెన దాటించేద్దాం. మా వాడికి మోటారుసైకిలు ఉంది, పావుగంట పని.”

ఆయన దుర్మార్గులు కారు. నిరుడు వారి మనుమణ్ణి కుక్క తరిమినది, పడి మోచెయ్యి విరిగినది. ఆయన భయం నాకు తెలియని భయమూ కాదు. రేబిస్ ఒకసారి లక్షణాలు చూపిన తరువాత దాదాపు ఎవరినీ విడువదు. కాబట్టి నేను ఆయనకు కరుణను గురించి చెప్పలేదు, లెక్క చెప్పాను. పిల్లలను తీసుకుపోతే తల్లి మిగులుతుంది. పాలు నిండిన చన్నులతో నాలుగు రోజులు వీధి వీధి వెదకి ఏడుస్తుంది; దారిన పోయేవారిపై పడుతుంది. రాబోయే చిత్తకార్తెకు మళ్ళీ చూలు కడుతుంది. ధనుర్మాసానికి మళ్ళీ అయిదు. గోనెసంచి ఎన్ని ఏండ్లు మోసినా తరగని లెక్క ఇది. పైగా ఆకలిదప్పులతో బాధపడునట్లు జంతువును విడిచిపోవుట 1960 నాటి జంతుహింసా నివారణ చట్టం క్రింద నేరం. దానికి బదులు చుక్కికి పిల్లలు పుట్టకుండ శస్త్రచికిత్సా, టీకా చేయిస్తే లెక్క అక్కడితో మూసివేయవచ్చును. వీధికుక్కల విషయమై 2001లో వచ్చి 2023లో తిరుగవ్రాయబడిన కేంద్రప్రభుత్వ నిబంధనలు నడిపించిన త్రోవ ఇదే: పట్టి, శస్త్రచికిత్స చేసి, టీకా వేసి, పట్టిన చోటనే విడుచుట.

“అంతవరకు కరిస్తేనో?” అన్నారాయన.

“కరచినా, గోరు గీరినా, సబ్బుతో ధారనీటిక్రింద పదిహేను నిమిషాలు కడిగి ఆ దినమే ఆసుపత్రికి పోవాలండీ. పసుపూ సున్నమూ పెట్టరాదు. ఈ మాట కుక్క ఉన్నా లేకున్నా మన పిల్లలకు నేర్పవలసినదే,” అన్నాను. ఆయన ఒప్పుకోలేదు, కాదనీ అనలేదు. “రెండు నెలలు చూస్తానండీ,” అని లేచారు.

ఎనిమిది వారాలు నిండకుండ తల్లినుండి వేరుచేయరాదని డాక్టరుగారి ఆజ్ఞ. ఆ వారాలలోనే పిల్ల తోబుట్టువులను కరచి, తాను కరపించుకొని, ఎంత గట్టిగా కరిస్తే నొప్పి కలుగునో నేర్చుకొంటుంది. ముందే విడదీసిన కుక్కకు ఆ చదువు లోపించును. ఆరవ వారం దాటగానే తొలి టీకాలు వేయించాము. రేబిస్ టీకాకు మూడు నెలలు నిండవలెను.

ఎనిమిదవ వారంలో పెంచుకొనేవారికోసం నలుగురికీ కబురు చేశాను. నాలుగింటిలో రెండు మగవి, రెండు ఆడవి. మగవి ఒక్కదినంలో పోయినవి. వాటికోసం మాటామాటా కూడా వచ్చినది. ఆడవాటిని ఎత్తి చూచి, క్రింద దింపి వెళ్ళినవారే అందరూ. “ఆడవండీ. ఏడాది తిరక్కుండా మళ్ళీ మాకూ ఇదే భాగోతం,” అన్నారొకరు. వీధులలో, సంతలవద్ద విడువబడు పిల్లలు ఎక్కువగా ఏవో అప్పుడు బోధపడినది. చివరకు పాలు పోయు అమ్మాయి, “నాకిచ్చెయ్యండి బాబుగారండీ, మా పాకకాడ ఉంటాది,” అని ఒకదానిని తీసుకొన్నది. ఈడు రాగానే శస్త్రచికిత్స ఖర్చు నాదని మాట ఇచ్చి పంపాను. రెండవది మా ఇంటనే నిలిచినది. పాలు ఇంకిపోయిన తరువాత చుక్కికి, వేసవి దాటిన పిమ్మట రెండు కూతుళ్ళకూ శస్త్రచికిత్సలు జరిగినవి. రెండు నెలలు చూస్తానన్న పెద్దమనిషి ఆటో మాట్లాడి పెట్టారు.

ఈ రాజమహేంద్రవరంలోనే నన్నయభట్టు భారతం తెలిగించినాడు. ఆదిపర్వపు కథ మొదలయిన కొద్దిసేపటికే ఆ గ్రంథంలోనికి ఒక తల్లికుక్క వస్తుంది. ఆమె సరమ, దేవశుని. జనమేజయుని యజ్ఞభూమికి ఆడుకొనవచ్చిన ఆమె బిడ్డను రాజు తమ్ములు కొట్టారు. ఆమె సభకు వచ్చి, ఏ తప్పూ చేయనివానిని ఏల కొట్టితిరని అడిగినది. బదులు లేకపోగా, తలవని తలంపుగా మీకు భయము వచ్చునని చెప్పి పోయినది. రాజు ఆ శాపానికి వెరచి, శాంతి చేయించగల పురోహితుని వెదకుకొనవలసి వచ్చినది. ముప్పది రెండేళ్ళు ఆ ఘట్టం పాఠం చెప్పాను. సంధులు విడదీశాను, సమాసాలు చెప్పాను, పేదసాదలకు కీడు తలపెట్టరాదన్న నీతి చెప్పాను. సరమ ఒక తల్లి అన్న సంగతి ఎన్నడైనా చెప్పానో లేదో గుర్తు లేదు. ఆ రాత్రి వట్టి నోటితో వచ్చి వసారాలో వాసన చూచిన చుక్కి మమ్ములనేమీ అడుగలేదు. శపించనూ లేదు. మరునాడు మేము పెట్టిన అన్నం తిన్నది.

2024 అక్టోబరులో చిత్తకార్తె వచ్చినది. వీధిమొగన కుక్కల గుంపు అరుపులు విని కర్ర లేకుండానే గుమ్మంలోకి వచ్చి చూచాను. చుక్కి మా అరుగుమీద పడుకొని, తలయెత్తి ఒకమారు అటు చూచి, మళ్ళీ ముందుకాళ్ళమీద తల పెట్టుకొన్నది. ప్రక్కన కూతురు నిద్రపోతున్నది. లోపలినుండి మా ఆవిడ, మన వాకిటికి ఏమైనా వచ్చినవా అని అడిగినది. ఏమీ రాలేదన్నాను.